ఒక వ్యాధి నడచిన బాటలు

పూర్వము తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయు లేఖకునికి ఒక్కొక్కప్పుడు రెండు మాతృకలు లభించెడివి. కొంత ఒకదానిని జూచి, కొంత రెండవదానిని జూచి వ్రాసినచో, ఆ ప్రతిలో రెంటి పాఠములును గలిసెడివి. పండితులు పాఠభేదములను సరిపోల్చి, ఏ ప్రతి యెచ్చటినుండి వచ్చినదో నిర్ణయింతురు. ఎయిడ్స్ వ్యాధికి హేతువైన హెచ్.ఐ.వి. వైరస్ చరిత్రము కూడ నిట్లే తెలియవచ్చినది.

ఈ వైరస్ తన వంశలక్షణములను దెలుపు లేఖమును రెండు ప్రతులుగా మోయుచుండును. మనుష్యుని రక్తకణమున జొచ్చి నకలు తీయునపుడు తప్పులు మెండుగా దొరలును. ఒకే కణమున రెండు శాఖల వైరస్‌లు ప్రవేశించినచో, వాని సంతతిలో కొన్నిటికి శాఖకొక ప్రతి చొప్పున సంక్రమించును. తరువాతి కణమున నకలు తీయుట ఒక ప్రతినుండి రెండవదానిపైకి దాటుటచే మిశ్రమలేఖము పుట్టును. శాస్త్రజ్ఞులు దీనిని పునస్సంయోజన మందురు.

కామెరూను దేశపు ఆగ్నేయారణ్యములలో చింపాంజీలనుండి మనుష్యునకు సోకిన యీ వైరస్, కాంగో నదీతీరమందలి కిన్షాసా నగరమున 1920 ప్రాంతమున వ్యాపింప నారంభించెనని శాస్త్రజ్ఞుల గణన. 1959లో అచ్చట దీసిన రక్తమున నిది కనబడినది. నదిలోని పడవలును, గనులకు బోవు రైళ్లును దీనిని దూరమునకు గొనిపోయెను. దాని శాఖలలో ‘బి’ అమెరికాకును, పశ్చిమ ఐరోపాకును, ‘సి’ ఆఫ్రికా దక్షిణ భాగమునకును, మన దేశమునకును చేరినవి. మన దేశమున 1986లో మదరాసునందు ఈ వ్యాధి తొలుత గుర్తింపబడెను. తెలుగునాట ‘సి’ శాఖయే ప్రబలము.

బర్మా యని మన మెరిగిన మయన్మారు సరిహద్దున, చైనాలోని యున్నాన్ రాష్ట్రమున, 1989లో హెరాయిను మత్తుమందును సూదితో నెక్కించుకొనువారిలో నీ వ్యాధి బయల్పడెను. ఒకే సూదిని పలువురు వాడెడివారు. థాయిలాండునుండి వచ్చిన ‘బి’ శాఖయు, భారతదేశమునుండి వచ్చిన ‘సి’ శాఖయు ఆ ప్రాంతమున గలిసి మిశ్రమజాతులు పుట్టినవి. ఒకటి వాయవ్యమున షిన్‌జియాంగునకును, మరియొకటి తూర్పున గ్వాంగ్సీకిని సాగెను. అవి మత్తుమందు రహస్యముగా రవాణా యైన బాటలే! వర్తకులు దాచిన దారిని వైరస్ వ్రాసిపెట్టినది.

ఈ చరిత్రము బాటను జూపునే గాని, దోషిని జూపదు. లారీ నడపువానిని, అతని యిల్లాలిని, తుదకు బిడ్డలను గూడ వెలివేసిన యూళ్లను పెద్దలెరుగుదురు. వెలికి భయపడినవాడు పరీక్షకు రాడు. దాగిన వ్యాధి మఱియొక బాట వెదకుకొనును. శాఖ లిన్ని యగుటయు టీకా దొరకకుండుటకు నొక కారణమే. అయినను 1996 నుండి వాడుకలోనున్న మిశ్రమౌషధచికిత్స అన్ని శాఖలపైనను పనిచేయును. మందు నియమముగా సేవించి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గినవారినుండి దాంపత్యమున నిది రెండవవారికి సోకదు. కావున రోగిని మందునొద్దకు జేర్చుటయే యీ వ్యాధి బాటను తెగగొట్టుట. ఆ పనికి గ్రామమున పెద్దల మాటకు మించిన సహాయము లేదు.