బందరు మీద పుస్తకాలు, ఆవర్‌పూర్‌ల మా మాటలు

మా ఆవర్‌పూర్‌ల సిమెంటు సంచులు పేర్చే చోటును అందరం గోదాం అంటం. కోస్తా నుంచి నౌకరీకి వచ్చినవాళ్లు గిడ్డంగి అంటరు. మాది మరాఠీ, హిందీ కలిసిన తెలుగు అని నవ్వుకుంటూ చెప్పేది కూడా వాళ్లే. సముద్రానికి 400 కిలోమీటర్ల పైన దూరంలో, నల్లరేగడి నేలల కూర్చొని బందరు రేవు మీద వచ్చిన పుస్తకాలు చదవడం ఎందుకు అని ఇంట్ల అడుగుతరు. ఈ గోదాం, గిడ్డంగి పంచాయితీ కోసమే మొదలుపెట్టిన.

పంచాయితీకి జవాబు హాబ్సన్-జాబ్సన్ల దొరికింది. హెన్రీ యూల్, బర్నెల్ కలిసి 1886ల తెచ్చిన నిఘంటువు అది. ఇంగ్లీషువాళ్ల గోడౌన్ మలయ్ భాషల గదోంగ్ నుంచి వచ్చిందని, ఆ మలయ్ మాటకు మూలం తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు వైపు ఉన్నట్టున్నదని అందుల రాసిన్రు. బందరు ఓడలు అచే, పెగూ దాకా పోయేటివి. సరుకుతో పాటు సరుకు దాచే కొట్టు పేరు కూడా ఎక్కి ఉంటదని అనుకోవడం పెద్ద ఊహేమీ కాదు. అట్ల పోయిన మాట హిందీ, మరాఠీల గోదాం అయి మా దిక్కు చేరింది. అంటే కోస్తా ఆయన గిడ్డంగి, మా గోదాం ఒక్క ఇంటి పిల్లలే. ఒకటి ఇంటి పట్టున ఉన్నది, ఇంకోటి సముద్రం దాటి చుట్టూ తిరిగి వచ్చింది.

ఇగ అసలు బందరు పుస్తకాలకు వస్తే, మొదట చదవాల్సింది మోర్‌లండ్ సంపాదకత్వంల 1931ల హక్లూట్ సొసైటీ వేసిన గోల్కొండ వృత్తాంతాల పుస్తకం. అందుల 17వ శతాబ్దం మొదట్ల రాసిన మూడు వృత్తాంతాలు ఉన్నయి. విలియం మెత్‌వోల్డ్ 1618 నుంచి 1622 దాకా అక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకుడు. ఆయన చూపుల బందరు అంత గొప్పగా కనబడదు. ఊరు చిన్నది, జనం ఎక్కువ, చుట్టూ గోడ లేదు, ఇండ్లు సరిగ కట్టలేదు, లోపలి నీళ్లు ఉప్పన, పెద్ద పోటు వస్తే బయటంతా మునుగుతది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరంగ లంగరేస్తే చిన్న పడవల మీద సరుకు దించాలె. అయినా డచ్చివాళ్లు, 1611ల ఇంగ్లీషువాళ్లు, 1669ల ఫ్రెంచివాళ్లు అక్కడికే వచ్చిన్రు. రేవు చూసి కాదు, దాని వెనక ఉన్న బట్ట చూసి.

ఈ పుస్తకాలు చదివేటప్పుడు మాటల మీద కన్నేసి ఉంచితే వేరే చరిత్ర కనబడతది. అసలు బందరు అనేదే పారసీ మాట, అర్థం రేవు. బందరు రేవు అంటే రేవు రేవు అన్నట్టు! రేవు మీద అధికారి షాబందరు, ఊరి మీద గోల్కొండ సుల్తాను పెట్టిన హవల్దారు. ఆ గుడ్డ పేరు కలంకారీ కూడా పారసీ మాటే, ఎందుకంటే ఇరాన్ బజారుల దానికి గిరాకీ. తెలుగును ఆ తెల్లవాళ్లు జెంటూ అన్నరు, అది పోర్చుగీసు మాట. అంటే స్వచ్ఛమైన తెలుగుకు పుట్టిల్లు అనుకునే ఆ తీరంల ఊరి పేరు, కొలువు పేరు, గుడ్డ పేరు, ఆఖరుకు భాషకు పెట్టిన పేరు కూడా బయటియే. బందరు బడాయి చేసుకోవాల్సింది ఈ కలగలుపు గురించే అని నాకనిపిస్తది.

సంజయ్ సుబ్రహ్మణ్యం దక్షిణ భారత వాణిజ్యం మీద రాసిన పుస్తకం 1990ల వచ్చింది. అరసరత్నం, అనిరుద్ధ రే కలిసి మచిలీపట్నాన్ని, గుజరాత్ కాంబేను పక్కపక్కన పెట్టి రాసిన పుస్తకం 1994ల వచ్చింది. రెండూ గట్టివే. కాని కంపెనీల చిట్టాల మీద నిలబడ్డ చరిత్రల ఒక లోటు తప్పదు. బేరం చేసినవాడు కనిపిస్తడు, నేసినామె కనిపించదు. పడవ తోసిన మనిషి ఏ మాట అని తోసిండో ఆ చిట్టాలల్ల ఎక్కడిది? గోర్డన్ మెకంజీ 1883 కృష్ణా జిల్లా మాన్యువల్ సర్కారీ పుస్తకమే అయినా అందుల ఊరి మనుషులు కొంచెం దగ్గరగ కనబడతరు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన గురించిన భాగం చదివి రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. సుమారు 30 వేల మంది పోయిన్రు. మెత్‌వోల్డ్ పోటు గురించి రాసి అప్పటికి రెండు వందల ఏండ్లు దాటింది.

బందరుల కొంతకాలం కొలువు చేసిన బ్రౌను దొర మాటలు పోగుచేసే పనిల ఈ కలగలుపును విడిచిపెట్టలేదు. తెలుగుల వాడే మిశ్రమ, అన్యభాషా పదాలకే వేరే నిఘంటువు 1854ల వేసిండు. నిఘంటువుల ఎక్కినయి కనుక అవి తప్పుడు మాటలు కావు అని మా పిల్లలకు చెప్పడానికి అది పనికొస్తది.

మా ఊరికీ ఆ రేవుకూ నేరుగ సంబంధం లేకపోలేదు. మా రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంల, ఆదిలాబాద్ జిల్లాల ఉండేది. తర్వాత నాందేడ్‌ల కలిపిన్రు, 1959ల చాందా జిల్లాకు ఇచ్చిన్రు. 1759ల సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువాళ్లకు ఇచ్చినంక నిజాం చేతిల ఆ రేవు లేదు. 1802 వ్యాపార ఒప్పందంల మాత్రం దాన్ని వాడుకునే హక్కు రాయించుకున్నడు. అంతకంటే పాత దారి బంజారాలది. బేరార్ దిక్కు పత్తిని ఎద్దుల మీద తూర్పు తీరానికి మోసేవాళ్లు, తిరుగు దారిల ఉప్పు తెచ్చేవాళ్లు. పెంగంగ అవతల బేరారే కదా.

అందుకే ఏ మాట ఏ తొవ్వల వచ్చిందో తేల్చుడు కష్టం. పోర్చుగీసు మెస్త్రె కోస్తాల మేస్త్రీ అయింది. మరాఠీల అది మిస్త్రీ. మా దగ్గర ఇల్లు కట్టేటాయన మిస్త్రీనే, అంటే గోవా దిక్కు నుంచి వచ్చిన పిలుపు. ఇస్త్రీ, పీపా, అనాస మాత్రం రెండు దిక్కుల దాదాపు ఒక్కటే. మా అమ్మమ్మ పీపా అన్నప్పుడు అది తూర్పు సముద్రం మాటనో పడమటి సముద్రం మాటనో ఎవరు చెప్తరు?

రేవుల పెద్ద కొలువు దుబాసీది. రెండు భాషలు తెలిసినోడు లేకుంటే బేరం నడవదు. మా ఆవర్‌పూర్ పిల్లలు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, కంపెనీ గేటు దగ్గర హిందీ మాట్లాడతరు. అయినా ఊరికి పోయినప్పుడు "మీకు తెలుగు సరిగ రాదు" అనిపించుకొని నోరు మూసుకుంటరు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంట్ల కూడా తెలుగు మానేసిన్రు. నాకు భయం అక్కడ.

ఇప్పుడు కోర్పనా, గడ్‌చాందూర్ దిక్కు పత్తి తూకం దగ్గర తెలుగోళ్లు వాడే మాటలు రాసుకుంటున్న. మేస్త్రీ, మిస్త్రీ ఏ ఊర్ల ఏది అంటరో, గిడ్డంగి అనేవాళ్లు వార్ధా నదికి ఇవతల ఎవరన్న ఉన్నరో మీరు కూడ రాసి పెట్టండి. ముసలోళ్లను అడిగి రాస్తే ఇంకా మంచిది.