ఇరవై ఒకటో విలువ

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నల్లగొండ, పాలమూరు వాళ్లకు విమానం ఎక్కాలంటే అదే దిక్కు కాబట్టి ఆ క్యూల్లో మనవాళ్లూ ఉండే ఉంటారు. ఆ రోజు ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలబడ్డాయి. మన టైము ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఓ అప్‌డేట్ పంపింది. దాని ప్రోగ్రాంకు అందినవి 20 విలువలే. అది మాత్రం 21వదాన్నీ చదవబోయింది. హద్దు దాటి, అక్కడ ఏదుంటే అదే అడ్రసనుకుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడిచే కోడ్ కదా, యంత్రమే ఆగిపోయింది.

మెమరీలో ఒక చోటును చూపే అలాంటి అడ్రసునే పాయింటర్ అంటారు. పాత పట్టా పాస్‌బుక్కు లాంటిది. సర్వే నంబరు చెబుతుంది గానీ హద్దురాళ్లు ఎక్కడున్నాయో, భూమి ఈపాటికి చేతులు మారిందో చెప్పదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సీ భాష ఆ హద్దులు చూసుకునే భారం ప్రోగ్రామర్ నెత్తిన పెట్టింది. అప్పటి చిన్న యంత్రాలకు వేగం కావాలి, తప్పుపట్టలేం.

అయితే హద్దు తనిఖీ సీ కంటే ముందే ఉంది. కొలంబోలో పుట్టిన ఆంగ్లేయుడు టోనీ హోర్ 1960ల మొదట్లో ఇలియట్ కంపెనీ కోసం ఆల్గాల్ అనే భాషకు కంపైలర్ చేశారు. అది ప్రతిసారీ హద్దు సరిచూసేది. వేగం కోసం ఆ తనిఖీ తీసేసే వీలు ఇమ్మంటారా అని అడిగితే, వాడేవాళ్లంతా వద్దే వద్దన్నారట. 1980 ట్యూరింగ్ ఉపన్యాసంలో ఆయనే చెప్పారు. విచిత్రమేమిటంటే, ఎటూ చూపని నల్ రిఫరెన్సును 1965లో తెచ్చిందీ ఆయనే. తర్వాత దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పన్నారు.

సీలో మాత్రం ఆ తనిఖీ లేదు. 1988లో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం కంప్యూటర్లలోకి చొరబడిన దారుల్లో ఒకటి సీలోని గెట్స్ ఫంక్షను. ఎంత పొడవొచ్చినా ఆగకుండా రాసుకుపోయే ఆ ఫంక్షన్‌ను భాషా ప్రమాణం నుంచి తీసేసింది 2011లో!

వాంకూవర్‌లో మొజిల్లా ఉద్యోగి గ్రేడన్ హోర్ ఉండే భవనంలో లిఫ్టు సాఫ్ట్‌వేర్ చెడి, 21వ అంతస్తు దాకా మెట్లెక్కాల్సొచ్చింది. ఆ విసుగులో 2006లో మొదలుపెట్టిన రస్ట్ భాష 2015 మే 15న 1.0గా వచ్చింది. అందులో ఒక విలువకు ఒకే యజమాని, అరువిచ్చినంతసేపు దాన్ని అమ్మడం కుదరదు. తప్పితే కంపైలరే ఒప్పుకోదు. 2022 డిసెంబరులో రస్ట్ లైనక్స్ 6.1 కెర్నెల్‌లోకీ చేరింది.

రస్ట్‌లో రాసుంటే ఆ రోజు క్యూలే ఉండేవి కావనుకోవద్దు. 21వ విలువ అడిగితే రస్ట్ పరాయి మెమరీ చదవదు, ప్రోగ్రాంను ఆపేస్తుంది. కెర్నెల్‌లో అలా ఆగితే ఏం చేయాలో మనిషే ముందు ఆలోచించి రాయాలి. సరిగ్గా ఆరు రోజులకు, జులై 25న, క్రౌడ్‌స్ట్రైక్ తన ప్రోగ్రాంలో హద్దు తనిఖీ చేర్చింది.