బడి నుంచి మైదానానికి: సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ విధానం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుంచి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగంగా పేర్కొనడం పరిపాటి. ఆ కాలంలో జాతీయ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, వృత్తిరీత్యా హైదరాబాద్ పాఠశాలల్లో ఉపాధ్యాయుడు. ఆయన కృషిని గెలిచిన కప్పుల ద్వారా అంచనా వేసిన వారే ఎక్కువ. బోధనావృత్తి ఆయన శిక్షణపై వేసిన ముద్ర తగినంతగా పరిశీలనకు రాలేదు.

అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు (అక్కడ ఆ పేరుతో ఆడేది వేరే ఆట) కళాశాల జీతంపై పనిచేసే ఉద్యోగి. హైదరాబాద్‌లో అటువంటి వ్యవస్థ లేదు. ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి జట్టును నిలిపింది పోలీసు శాఖ. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయిన రహీం, 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షణనిచ్చారు. ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి వరుసగా ఐదేళ్లు ఎవరికీ వదలలేదు.

బలహీనమైన కాలితోనే బంతి తన్నాలనే నియమంతో రహీం పోటీలు నిర్వహించేవారు. బంతిని ఒంటరిగా నడిపించుకుపోవడాన్ని నిషేధించిన పోటీలూ ఉండేవి. విద్యార్థికి రాని అక్షరాన్నే పదేపదే దిద్దించే పంతులు పద్ధతి ఇది. చిన్న పాస్‌లతో సాగే ఆటతీరుకు పునాది ఇక్కడే పడింది.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం తర్వాత, 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో పరాజయం ఎదురైంది. అక్కడ భారతీయుల్లో పలువురు ఉత్త కాళ్లతో ఆడారు. బూట్లు తప్పనిసరైంది ఆ తర్వాతే. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా పోటీల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ఆయన పక్కన పెట్టలేదు. ముందు వరుసకు పంపారు. అతడు సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ గోలు చేశాడు. దీన్ని సాహసమనడం కంటే, ఆటగాడి శక్తిని ఎరిగిన శిక్షకుడి నిర్ణయమనడం సమంజసం. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాపై భారత్ 2–1తో గెలిచింది.

రహీం 1963 జూన్ 11న మరణించారు. 1965–66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం భారత్‌కు మళ్లీ రాలేదు.