రంగూన్ రేవులో మూడో మనిషి

నేను ఐటీ కన్సల్టెంటునండీ. కొత్త కాంట్రాక్టు వచ్చినప్పుడల్లా రేటు దగ్గర బేరం తప్పదు. "ఇంతిస్తే చేస్తాను" అని నేనంటే, "నువ్వు కాకపోతే ఇంకొకరు" అంటారు వాళ్ళు. చివరికి ఎక్కడో ఒకచోట రాజీ పడతాం. మరి ఆ "ఇంకొకరి" సంగతి? ఇవాళ చెప్పబోయేది ఆ ఇంకొకరి కథే. జరిగింది 1930 మే నెలలో, రంగూన్‌లో, అంటే ఇప్పటి యాంగోన్‌లో.

అప్పట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో ఓడల సరుకు మోసే కూలీల్లో ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని బర్మాలో "కోరంగీలు" అనేవారు. చాలామంది మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని ఓడెక్కినవాళ్ళే. అప్పు తీరేదాకా అతని కింద చాకిరీ. వాళ్ళ చేతిలో ఉన్న బలమల్లా ఒక్కటే, అందరూ కలిసి పని మానెయ్యడం. సరుకు దిగక ఓడ నిలిచిపోతే రోజుకింత నష్టం కదా! ఆ ధైర్యంతోనే కూలి పెంచమని సమ్మె కట్టారు.

కంపెనీల ఎత్తు వేరు. వాళ్ళు బర్మా కూలీలను పనిలోకి పిలిచారు. అంతకు ముందు ఆ రేవు పని బర్మావాళ్ళకి అంతగా దొరికేది కాదు. ఇంటి ముందుకొచ్చిన కూలిని ఎవరు కాదంటారు? వచ్చారు, మోశారు.

ఈ లోపల కంపెనీలకీ తెలుగు కూలీలకీ రాజీ కుదిరింది. మే 26 పొద్దున మనవాళ్ళు పనికి వెళ్ళారు. రోజూ లాగే బర్మా కూలీలూ వచ్చారు. "మీకిక పని లేదు" అన్నారు వాళ్ళని. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. కొద్ది రోజుల్లో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. వేలమంది ఇళ్ళు వదిలి తలదాచుకున్నారు.

విడివిడిగా చూస్తే ఎవరి లెక్కా తప్పు కాదు. గేమ్ థియరీ చదివినవాళ్ళు కూడా అదే ఎత్తు వేసేవారేమో! కానీ బేరం తెగింది ఇద్దరి మధ్య, ఆటలో ఉన్నది ముగ్గురు. బెదిరించడానికి పనికొచ్చిన మూడో మనిషి, రాజీ రోజున ఎవరికీ గుర్తు రాలేదు. పాత కోపాలు ముందునుంచే ఉన్నాయి, నిజమే. వాటికి నిప్పు తగిలింది మాత్రం ఆ పొద్దునే. బర్మా కూలీలకి కొంత పని మిగిల్చి, ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ పొద్దు ఇంకోలా గడిచేదేమో.

ఈసారి మీరు బేరానికి కూర్చున్నప్పుడు, ఆ గదిలో లేని మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోండి. సెలవు.