ముదుగులి నుంచి ఆండర్సన్‌పేట దాకా

ఆండర్సన్‌పేట పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది కోలారు బంగారు గనులూ, వాటి పక్కనే పుట్టిన బజారూ. కామసముద్రం వైపు పల్లెల్లో పెరిగిన నాకు ముందుగా గుర్తొచ్చేది బ్యాంకు. 1991 డిసెంబరులో ఆండర్సన్‌పేట వైశ్యా బ్యాంకు, బంగారపేట తాలూకా ముదుగులి ఊళ్లోని వెంకటేశ్వర మహిళా సంఘానికి అప్పిచ్చింది. ఆ సంఘం రిజిస్టరు అయింది కాదు. తాకట్టు ఏమీ పెట్టలేదు. లోపల ఎవరికి ఎంత, దేనికి అన్నది బ్యాంకు అడగలేదు, సంఘానికే వదిలేసింది. 1992 జనవరిలో బోడగుర్కి సరస్వతి మహిళా సంఘానికి కార్పొరేషన్ బ్యాంకు ఇచ్చింది. దేశమంతా 500 సంఘాలతో ఇలాంటి ప్రయోగం చేద్దామని గ్రామీణ రుణాల జాతీయ బ్యాంకు నాబార్డు ఉత్తర్వు వేసింది 1992 ఫిబ్రవరిలో. అప్పటికే మా ఆడవాళ్లు సొమ్ము తెచ్చుకుని పంచుకున్నారు కూడా.

నేను ఆ దశకంలో ఆ చుట్టుపక్కల ఒక సంఘానికి పుస్తకాలు రాసినదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తీర్మానం కన్నడంలో రాసి, తెలుగులో చదివి వినిపిస్తే, అందరూ సరేనన్నాక వేలిముద్రలు పడేవి.

ఈ సంఘాలు ఎలా పుట్టాయో చెప్పాలి. బెంగళూరులోని మైరాడ సంస్థ 1968లో టిబెట్టు శరణార్థుల పునరావాసం కోసం మొదలైంది. తరవాత పల్లెల్లోకి వచ్చి, పెద్ద పెద్ద సహకార సంఘాల ద్వారా పేదలకు అప్పులు ఇప్పించింది. 1980ల నడుమ అవి చాలాచోట్ల కూలిపోయాయి. పెత్తనమంతా అధ్యక్షుడిదే, లెక్కలు ఎవరికీ తెలియవు. అలాంటి సంఘాల్లోంచి విడిపోయిన కొందరు చిన్న చిన్న గుంపులుగా వచ్చి, తీసుకున్న సొమ్ము సంస్థకే కట్టేస్తాం గానీ సహకార సంఘానికి మాత్రం కట్టం అన్నారు. ఎందుకని అడిగితే, మాకు ఒకరి మీద ఒకరికి నమ్మకముంది, ఆ సంఘం మీద లేదు అన్నారు. సంస్థవాళ్లు ఆ మాటను వినిపించుకున్నారు, నా దృష్టిలో వాళ్ల గొప్పతనం అదే. 15, 20 మంది కలిసిన గుంపులకు పొదుపూ, సమావేశాలు నడిపే పద్ధతీ, పుస్తకాలు రాయడమూ నేర్పారు. 1987లో నాబార్డు ఈ గుంపుల మీద ప్రయోగాలకు 10 లక్షల రూపాయలు ఇచ్చింది. సంస్థల కాగితాల్లో దీన్ని క్రియాత్మక పరిశోధన అన్నారు. ఆ పరిశోధన చేసింది మాత్రం రాగి చేలో కలుపు తీసి, సాయంత్రం దీపం కింద కూర్చున్న ఆడవాళ్లు.

ఒక సమావేశం సంగతి చెబుతాను. ఒకామె చెనక్కాయ విత్తనాలకు అప్పు అడిగింది. డబ్బు చేతికొస్తే మొగుడు లాక్కుని తాగేస్తాడని అక్కడున్న అందరికీ తెలుసు, పైకి అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. చివరికి ఒక పెద్దావిడ, "డబ్బు నీ చేతికి వద్దులేమ్మా, మనవాళ్లు ఇద్దరు నీతో వచ్చి విత్తనాలు కొనిపిస్తారు" అంది. అడిగినామె ముఖం తేలికపడింది. ఆ వారమే ముగ్గురూ బంగారపేట సంతకు వెళ్లారు. నేను తీర్మానంలో రాసింది ఒక్క ముక్కే: విత్తనాలు సంఘమే కొనిచ్చింది. బ్యాంకు మేనేజరు ఎంత మంచివాడైనా ఈ నిర్ణయం చేయగలడా? ఆ ఇంటి గుట్టు ఆయనకు ఎలా తెలుస్తుంది?

డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళం చెవి ఇంకొకరింట్లో. ఆలస్యంగా వస్తే జరిమానా ఎంతో, వడ్డీ ఎంతో, ఎన్ని సమావేశాలు ఎగ్గొడితే పేరు తీసేయాలో సభ్యులే కూర్చుని నిర్ణయించారు. అందుకే ఆ నియమాలను ఎదిరించినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

1989 ప్రాంతంలో ఊరి పటాన్ని ఊరివాళ్లతోనే గీయించే పద్ధతిని మైరాడ తన పల్లెల్లో మొదలుపెట్టింది. మా వీధిలో ఆడవాళ్లు ముగ్గుపిండితో చెరువూ, కాలువా, బోరింగూ, ఇళ్లూ గీశారు. ఏ ఇంట్లో కష్టం ఎక్కువో చూపించమంటే ఒక్కో ఇంటి మీదా చింతగింజలు పెట్టారు. సర్కారు జాబితాలో పేద ఇల్లుగా ఉన్న ఒక ఇంటికి ఒక్క గింజా పడలేదు. జాబితాలో పేరే లేని ఒక వితంతువు ఇంటి మీద దోసెడు పడ్డాయి.

ఇదంతా పంచాయతీ దాకా పోవడానికి కారణం కర్ణాటక అప్పటికే సిద్ధంగా ఉండటం. అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన 1983 పంచాయతీ చట్టం కింద 1987లో మండల పంచాయతీ ఎన్నికలు జరిగాయి, నాలుగో వంతు సీట్లు ఆడవాళ్లకు. 1993 చట్టంతో అది మూడో వంతయింది, ఆ డిసెంబరులోనే గ్రామ పంచాయతీ ఎన్నికలు. సంఘంలో లెక్క అడగడం అలవాటైనవాళ్లు పంచాయతీలోనూ లెక్క అడిగారు. వీధి దీపానికి ఎంత, మోటారు రిపేరుకు ఎంత అని నిలదీశారు.

ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు డ్వాక్రా తెలుసు. 1982లో మొదలైన ఆ పథకానికీ తరవాతి పొదుపు సంఘాలకూ బ్యాంకు లింకేజీ అన్నది ఈ దారిలోనే వచ్చింది. సంఖ్య లక్షలకు పెరిగింది. ఆ వేగంలో ఒకటి పోయిందని నా బాధ. అధికారికి లక్ష్యం ఉంది కాబట్టి సంఘం కట్టారు, ఒకరినొకరు నమ్మారని కాదు. ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలైతే పూచీ కోసమే గుంపులు కట్టించాయి. 2009లో కోలారు పట్టణంలో అలాంటి అప్పులు తీసుకున్నవాళ్లు వాయిదాలు కట్టలేని స్థితికొచ్చారు, కట్టవద్దని అక్కడి ముస్లింల అంజుమన్ కమిటీ పిలుపునిచ్చింది. ఆ గుంపుల్లో నియమం ఒక్కటైనా ఆ ఆడవాళ్లు రాసుకున్నది కాదు. రెండూ గుంపులే అని వాటిని ఒక గాటన కట్టడం తప్పు.

మొదట చెప్పిన బంగారు గనుల చరిత్రకైతే కాగితాల కొదవ లేదు. 1880 నాటి మైసూరు గోల్డ్ కంపెనీ మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా పుస్తకాలున్నాయి, ఫోటోలున్నాయి. మా సంఘాల తీర్మానాల పుస్తకాలు ఇళ్ల అటకల మీద చెదలు పడుతున్నాయి, కొన్ని పాత పేపర్లవాళ్ల తక్కెడలోకీ పోయాయి. అవి ఈ ఆడవాళ్లు తమ చేత్తో చేసిన పరిపాలనకు సాక్ష్యాలు. మీ ఇంట్లో, మీ అమ్మ పెట్టెలో అలాంటి పుస్తకం ఉంటే కిలో లెక్కన అమ్మకండి. మీ పంచాయతీ గ్రంథాలయంలో ఇచ్చి, అట్ట మీద సంఘం పేరూ, ఊరూ, సంవత్సరమూ రాయించండి.