బీదరులో మా ముత్తాతగారు

చరిత్ర యనగానే బీదరు వాసులకు బహమనీ సుల్తానుల కోటయు, 1472లో మహమూద్ గవాన్ నిర్మింపజేసిన మదరసాయు, బరీద్‌షాహీల సమాధులును జ్ఞప్తికి వచ్చుట సహజము. రాజుల చరిత్రకు శిలలు సాక్ష్యము పలుకును. సామాన్య గృహస్థుని చరిత్రకు పాతపెట్టెలోని నాలుగు కాగితములును, ఇంటి పెద్దల నోటిమాటయుమాత్రమే ఆధారము. అట్టి సామాన్యులలో ఒకరైన మా ముత్తాతగారిని గూర్చి యిచ్చట కొంత విన్నవించుచున్నాము. వారు దండనాథులు కారు, కవులు కారు. ధాన్యపు కొట్టులో పద్దులు వ్రాసిన గుమాస్తా.

వారి స్వగ్రామము న్యాల్‌కల్ చెంత నున్నది. ఇంట నల్వురు అన్నదమ్ములు. ఉన్న మెట్టభూమి నల్వురికి చాలకుండెను. అందుచే కనిష్ఠులైన మా ముత్తాతగారు భార్యను, పసిబిడ్డను ఎడ్లబండి నెక్కించుకొని బీదరు చేరిరి. ఆనాటికి ఈ ఊరికి రైలు లేదు. తెల్లవారుజామున బయలుదేరినవారికి ప్రొద్దు గ్రుంకులోపల చౌబారా కనబడెనని మా నాయనమ్మగారు చెప్పెడివారు.

ఆ కాలపు గుమాస్తా పని తేలికయైనది కాదు. ధాన్యము తెచ్చిన రైతు తెలుగుననో కన్నడముననో మాటలాడును. కొన వచ్చినవాడు మరాఠీ మాటలాడును. కచేరీలో ఉర్దూ నడచును. 1884లో నిజాము ప్రభుత్వము పారసీకమునకు బదులు దానినే అధికార భాషగా నెలకొల్పెను. నాణెములందును ఇట్టి చిక్కే యుండెను. నిజాము హాలీ సిక్కా వేరు, బ్రిటిషువారి కల్దారు వేరు. ఆరు కల్దారులకు సుమారు ఏడు హాలీలు సరిపోలును. ఈ లెక్క తప్పినచో రైతుకో, సాహుకారుకో నష్టము తప్పదు. మా ముత్తాతగారు నాలుగు భాషలలో బేరములు విని, పద్దు మాత్రము తెలుగుననే వ్రాసెడివారు.

వారు కొనిన యింటిస్థలపు రసీదు నేటికిని మా యింట గలదు. అది ఉర్దూ లిపిలో నున్నది. దానిపై 1315 అను సంవత్సరము గలదు. మా మనుమడు అది క్రీస్తుశకమని తలచి, మన యిల్లు కాకతి ప్రతాపరుద్రుని కాలము నాటిదా యని ప్రశ్నించెను! అది ఫసలీ సంవత్సరము. హైదరాబాదు ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము దాదాపుగా తెలియును. ఆ లెక్కను స్థలము కొనినది 1905-06 నాటి మాట.

నవ్వు వచ్చినను, విషయము చింతింపదగినది. ముత్తాతగారి పద్దులు తెలుగు, ఇంటి రసీదు ఉర్దూ, మనుమని చదువు కన్నడము. ఒకే యింటి చరిత్ర మూడు లిపులలో నున్నది. మూడింటిని చదువగలవారు ఇంట ఒక్కరును లేరు. రసీదును మేమే పొరుగున నున్న వృద్ధ ముస్లిం ఉపాధ్యాయునిచే చదివించుకొంటిమి.

"మీ రే రాష్ట్రమునుండి వలస వచ్చితిరి?" అని మనలను పలువు రడుగుదురు. దీనికి మా కుటుంబము చెప్పగల సమాధాన మొకటి గలదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రమున చేరెను. బీదరు తాలూకాలోనిదే యైన న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమునకు పోయెను. ఉద్‌గీరు, నీలంగా, అహమ్మద్‌పూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమున కలిసెను. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. 2014లో న్యాల్‌కల్ తెలంగాణములోనిదైనది. ఇన్ని మార్పులలోను మా యిల్లు అంగుళమైనను కదలలేదు. మా ముత్తాతగారు పరరాష్ట్రమునకు వచ్చినవారు కారు; తమ పల్లె విడిచి తమ ప్రాంతపు పట్టణమునకు వచ్చినవారు. వారు గతించిన పిదప సరిహద్దే నడుమకు వచ్చినది. అటువైపు జ్ఞాతులు మిగిలిరి, ఇటువైపు మేము మిగిలితిమి. పెండ్లి శుభలేఖలు మాత్రము నేటికిని సరిహద్దు దాటుచునే యున్నవి.

కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలెను. దానితోపాటు ముత్తాతల పద్దులను చదువునంతటి తెలుగైనను వారికి అబ్బవలెను. కావున సోదర కుటుంబముల వారికి మా మనవి యొక్కటే. పాతపెట్టెలను తెరువుడు. పట్టాలను, రసీదులను, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకళ్లను చదువగలవారిచే చదివించి, సారాంశము తెలుగునను కన్నడమునను వ్రాసి యుంచుడు. ఎనుబదేండ్లు దాటిన పెద్దలున్న యిండ్లలో ఈ పనిని వచ్చే పండుగ వరకు వాయిదా వేయకుడు.