నూనె తీశాం, మరి ఏం పెట్టాం?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈపాటికి వంట ముగించుకుని, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళనూ బడికి వెళ్ళేవాళ్ళనూ సాగనంపి, కాస్త నడుం వాల్చుదామనుకుంటూ ఉంటారు. అంతకు ముందు ఒక్కసారి మీ వంటింటి అరవైపు చూడండి. అక్కడ ఏ నూనె ఉన్నది? పొద్దుతిరుగుడా, తవుడు నూనెనా, లేక ఈ మధ్య మళ్ళీ మోజు పెరిగిన గానుగ నూనెనా? మీ అత్తగారి కాలంలో అదే చోట ఏముండేదో గుర్తున్నదా? మా ఇంట్లో నాకు ఊహ తెలిశాక నాలుగైదుసార్లు నూనె మారింది. మార్చిన ప్రతిసారీ గుండెకు మంచిదనే మార్చాం. ఈ వేళ ఆ మార్పుల చరిత్ర చెప్పుకుందాం. ఇదంతా మన పొయ్యి దగ్గర జరిగిన చరిత్రే సుమండీ!

మాది సోమందేపల్లె. బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద, పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉంటుంది. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ దయ తలిస్తే. మీరు వేరుసెనగ అన్నా పల్లీలన్నా మా వైపు వాటిని శెనక్కాయలంటాం. నా చిన్నతనంలో మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి, ఆకుకూర పప్పు, మజ్జిగ. వరి అన్నం పండగ నాడో, చుట్టాలొచ్చిన నాడో. నూనె గానుగ దగ్గరే తెచ్చుకునేవాళ్ళం. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే రోట్లోంచి చిక్కని నూనె కారేది. మిగిలిన చెక్క గొడ్లకు. అమ్మ గిద్దెతో కొలిచి పోసేది. ఆరోగ్యం కోసం కాదు, పొదుపు కోసం.

ఈ శెనక్కాయ మనది కాదంటే నమ్ముతారా? దక్షిణ అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు రెండవ సగంలో ఫ్రాన్సులోని మార్సేయ్ నగరపు నూనె మిల్లులకూ సబ్బుల కార్ఖానాలకూ మదరాసు రాష్ట్రం నుంచి, పాండిచేరి రేవు నుంచి ఓడలకెత్తి పంపేవారు. డబ్బు తెచ్చే పంట కనుక రైతు దాన్ని పట్టుకున్నాడు. కొర్ర, సజ్జ, జొన్న చేలు కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గాయి. చివరికి దేశంలోకెల్లా ఎక్కువ విస్తీర్ణంలో వేరుసెనగ వేసే జిల్లా అనంతపురమే అయింది.

ఈ నూనెనే తీసుకుని మన వంటింటి రూపు మార్చినది వనస్పతి. పలుచని నూనెలోకి నికెల్ లోహపు పొడి సాయంతో హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తే అది నెయ్యిలా గడ్డ కడుతుంది. జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్ 1902లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది. అప్పట్లో దానికి ముఖ్యమైన ముడిసరుకు వేరుసెనగ నూనే. నెయ్యిలో కల్తీ చేస్తే పట్టుకోవడానికి వీలుగా వనస్పతిలో వందకు అయిదు పాళ్ళు నువ్వుల నూనె కలిపి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. నువ్వుల నూనెను రసాయన పరీక్షతో ఇట్టే గుర్తుపట్టవచ్చు. ఆ పసుపుపచ్చ డబ్బా మీకూ గుర్తుండే ఉంటుంది. నెయ్యి కొనలేని ఇంట్లో కూడా ఓళిగల మీద ఘుమఘుమలు తెచ్చింది అదే. ఖాళీ అయ్యాక అందులో తులసి మొక్క నాటేవాళ్ళం. దానిలో దోషం ఉందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఇక గుండె సంగతి. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. అంతటివాడికే రావడంతో ఆ దేశమంతా బెదిరిపోయింది. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, జంతువుల కొవ్వు ఎక్కువ తినేచోట రక్తంలో కొలెస్టరాల్ పెరిగి గుండెజబ్బులు ఎక్కువవుతున్నాయన్నాడు. 1958లో ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టాడు. ఇటలీ, గ్రీసు, జపాన్, ఫిన్లండు వగైరాలున్నాయి గాని, మన దేశం అందులో లేదు. 1961లో అమెరికా హృద్రోగ సంఘం, వెన్న మాంసాల కొవ్వు తగ్గించి దాని బదులు నూనెలు వాడమని సలహా ఇచ్చింది. ఆ "బదులు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన దాకా వచ్చేసరికి జారిపోయినది ఆ మాటే.

మన దేశంలోనూ ఒకాయన లెక్కలు తీశాడు. రైల్వే వైద్యుడు డాక్టర్ ఎస్. ఎల్. మల్హోత్రా. దేశమంతటా పది లక్షలకు పైగా ఉన్న రైల్వే ఉద్యోగుల రికార్డులు చూసి 1967లో ప్రకటించాడు. నెయ్యి, పాలు దండిగా తినే పంజాబు వైపు వాళ్ళకంటే, గింజల నూనెలతో పొదుపుగా వండుకునే మన దక్షిణాది వాళ్ళలో గుండెజబ్బు ఏడు రెట్లు ఎక్కువ కనబడింది! రికార్డుల లెక్కలతోనే కారణం తేల్చలేం. పని వేరు, నీరు వేరు, అన్నం వేరు, రొట్టె వేరు. నెయ్యి తింటే గుండెకు మంచిదని దీనివల్ల రుజువు కాదు. కాని కొవ్వొక్కటే దోషి అయితే ఈ లెక్క ఇలా రాకూడదు గదా? ఆ ప్రశ్నను అప్పట్లో మన ఇళ్ళదాకా ఎవరూ తేలేదు.

ఇంగ్లండులో జాన్ యుడ్కిన్ అనే పోషకాహార ఆచార్యుడు 1972లో అసలు ముద్దాయి చక్కెర అంటూ పుస్తకం రాశాడు. అదే ఏడు అమెరికాలో డాక్టర్ అట్కిన్స్, పిండిపదార్థాలు మానేసి కొవ్వు తినమంటూ మరొకటి రాశాడు. ఇదీ పూర్తిగా కొత్త మాటేం కాదు. 1863లోనే లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మానేసి తన ఊబకాయం తగ్గించుకున్నానని చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన వృత్తి శవపేటికలు చేయించడం! అయితే 1970లలో గెలిచిన పక్షం వేరు. 1977లో అమెరికా సెనేటు సంఘం ప్రజలకు ఆహార లక్ష్యాలు ప్రకటించింది. కొవ్వు, చక్కెర రెండూ తగ్గించమన్నది. జనం చెవికెక్కినది మటుకు కొవ్వు మాట ఒక్కటే.

అది మా ఇంటికి ఎలా చేరిందో చెబుతాను. 1981లో మా నాన్నకు గుండెపోటు వచ్చింది. అప్పుడాయనకు 52 ఏళ్ళు. బడిపంతులు. పట్నంలో ఒక ఆస్పత్రిలో చూపించాం. బతికి బయటపడ్డాడు. వచ్చేటప్పుడు డాక్టరుగారు నూనె, నెయ్యి, గుడ్డు, శెనక్కాయ, అన్నీ బంద్ అన్నారు. ఏం తినాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

అమ్మ ఆ మాటను దేవుడి మాటలా పాటించింది. ఊరిబిండి నూరడం మానేసింది. ఊరిబిండి లేని సంగటి గొంతు దిగదు గదా, కనుక సంగటీ పోయింది. దాని చోట మూడు పూటలా తెల్లన్నం, చారు. ఆకలి ఆగక నాన్న మరో రెండు గరిటెలు వడ్డించుకునేవాడు. సాయంత్రం నూనె పలహారం వద్దని టీలో రెండు చెంచాల చక్కెర, నాలుగు బిస్కెట్లు. బిస్కెట్టులో నూనె కనబడదు గదా! ఆ రోజుల్లో బిస్కెట్లు ఎక్కువగా వనస్పతితోనే చేసేవారని మాకేం తెలుసు? అయిదేళ్ళు తిరక్కుండా నాన్నకు షుగరు జబ్బు వచ్చింది. 1992లో మళ్ళీ గుండెపోటు వచ్చి పోయాడు.

ఇది మా ఒక్క ఇంటి మాట కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలితో పడుకున్న ఇళ్ళల్లో కడుపు నింపిన పథకం అది, దాన్ని నేను తక్కువ చేయను. కాని ఇంట్లో వరి అన్నం ఉండగా కొర్రలు దంచేదెవరు? రాగులు విసిరేదెవరు? ఆ చాకిరీ ఎంతో చేసినవాళ్ళకే తెలుసు. పండగ అన్నం దినదినం అన్నమైంది. రేషను దుకాణాల్లో పామాయిలు వచ్చింది. శెనక్కాయ పండించే మా ఊళ్ళోనే శెనక్కాయ అమ్ముకుని పామాయిలు కొనుక్కునే రోజులు వచ్చాయి.

1990లో హాలండు శాస్త్రవేత్తలు మెన్సింక్, కాటన్ ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. నూనెను గడ్డ కట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచడమే కాక, మంచిదాన్ని తగ్గిస్తుందని తేలింది. నెయ్యికి బదులని మనం వాడినది నెయ్యికంటే చెడ్డదన్నమాట! డెన్మార్కు 2003లో కట్టడి చేసింది. మన దేశంలో క్రమంగా తగ్గిస్తూ వచ్చి, 2022 జనవరి నుంచి నూనెల్లో కొవ్వుల్లో ఇది వందకు రెండు పాళ్ళు మించరాదని నిర్ణయించారు. డాల్డా వచ్చి అప్పటికి 85 ఏళ్ళు!

ఈలోగా మన తెలుగునాట గురువులకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు నూనె, ఉప్పు లేకుండా వండుకోమన్నారు. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణగారు అన్నం మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల దాకా కొబ్బరినూనె వంటి కొవ్వు తీసుకోమన్నారు. ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమన్నారు. ఒకే వీధిలో ఒకరింట నూనె చుక్క లేదు, పక్కింట నూనె గ్లాసులతో తాగుతున్నారు! నవ్వు వస్తుంది గాని, నవ్వి వదిలేసే విషయం కాదు. ముగ్గురి మాట విన్నవాళ్ళల్లోనూ బరువు, షుగరు తగ్గినవాళ్ళున్నారు. ఎందుకంటే ముగ్గురూ మాన్పించినవాటిలో తెల్లన్నపు గుట్ట, చక్కెర, బజారు పలహారాలు ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే, షుగరు మాత్రలూ ఇన్సులినూ వాడేవాళ్ళకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొందరికి చెడ్డ కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది. డాక్టరుకు చెప్పకుండా ఇలాంటి ప్రయోగాలు చేయకండి.

గుండెజబ్బు కారుల్లో తిరిగేవాళ్ళదన్న మాట కూడా చెల్లిపోయింది. 2003 నుంచి ఒక ఏడాదిపాటు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాల లెక్క తీస్తే, వందకు 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలవి 12 మాత్రమే.

మరి ఈనాటి మాట ఏమిటి? 2017లో 18 దేశాల్లో, మన దేశంతో సహా, లక్షా 35 వేలమందిని పరిశీలించిన అధ్యయనంలో పిండిపదార్థాలు మరీ ఎక్కువ తినేవాళ్ళలోనే మరణాలు ఎక్కువ కనబడ్డాయి. పేదరికం వల్ల కూడా అలా కనబడవచ్చునని విమర్శకులు అన్నారు, అది సబబే. నెయ్యి, వెన్న తీసి ఆ చోట గింజల నూనెలు, పప్పుగింజలు పెడితే గుండెకు మేలని చాలా పరీక్షలు చెబుతున్నాయి. ఆ చోట తెల్లన్నం, మైదా, చక్కెర పెడితే మేలేమీ లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, మనకు కావలసిన శక్తిలో ధాన్యాల నుంచి వందకు 45 వంతులు మించవద్దన్నది. మనవాళ్ళు తినేది 50 నుంచి 70 దాకా ఉందట. కొవ్వు మొత్తం 30 వంతులకు మించకూడదట. అంటే నూనెకు పూర్తిగా సెలవూ లేదు, గ్లాసులతో తాగడమూ లేదు.

కనుక అమ్మలారా, రేపు ఎవరైనా వచ్చి "ఇది మానేయండి" అంటే, మానేముందు ఒక్క ప్రశ్న అడగండి. "సరేనండీ, దాని చోట ఏం పెట్టమంటారు?" డాక్టరునైనా అడగండి, టీవీలో చెప్పేవాళ్ళ గురించైనా అలాగే ఆలోచించండి. కంచంలో ఒక చోటు ఖాళీ అయితే అది ఖాళీగా ఉండదు. ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో వడ్డించేవాళ్ళం మనం. ఆ చోటు లెక్క మనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పో కూరో ఒక గరిటె పెంచండి. కాచిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి. సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు ఉడికించిన శెనక్కాయలు పెట్టండి. గుండె కోసం మందులు వాడుతుంటే, వాటిని సొంతంగా మానకండి.

మా అమ్మ తన చివరి రోజుల దాకా ఒక మాట అడిగేది. "పాపా, నూనె తీసేయమన్నారు, తీసేస్తిని. నేను పెట్టిన కూటితోనే మీ నాయన పోయినాడా?" నాన్న బీడీలు తాగేవాడు, బీపీ ఉండేది. కారణం ఒక్కటి కాదు. డాక్టరుగారు చెప్పినదీ ఆనాటికి తెలిసినదే. ఈ చరిత్రంతా అప్పుడు నాకు తెలియక, "ఊరుకోమ్మా" అని మాత్రం అనేదాన్ని. ఇప్పుడైతే చెప్పేదాన్ని. "తప్పు నీది కాదమ్మా. ఏం తీయాలో అందరూ చెప్పినారు, ఏం పెట్టాలో నీకెవరూ చెప్పలేదు."

మీ ఇళ్ళల్లో ఏ అమ్మకూ ఆ ప్రశ్న మిగలకూడదని కోరుకుంటూ, సెలవు.